బజ్జీల కోసం తప్పిన లెక్కలు

టెన్త్ ఫలితాలు ఇప్పుడు అరచేతిలోని ఫోన్లోకి వచ్చి పడుతున్నాయి. మా కాలంలో మాత్రం అవి ములుగు నుంచి వచ్చే పొద్దుటి బస్సులో, పేపర్ల కట్టలో చుట్టుకుని వచ్చేవి. ఆ బస్సు ఆలస్యమైతే ఊరంతటికీ ఆకలి కూడా ఆలస్యమయ్యేది. (నేను కొంచెం పెంచి చెబుతానని వరంగల్ మట్టెవాడలో నా దుకాణానికి వచ్చేవాళ్లందరికీ తెలుసు. మీరూ మీకు తోచినంత తగ్గించుకుని చదువుకోండి.) ఒక్క సంగతి మాత్రం తగ్గించడానికి వీల్లేదు: మా ఊరి హైస్కూలు బతుకు ఒక ఏడాదిపాటు నా లెక్కల పరీక్ష మీద నిలబడింది.

మాది ములుగు దారిలో చిన్న ఊరు. బడికి గదులు చాలక తొమ్మిదో తరగతీ పదో తరగతీ ఒకే వరండాలో వీపులు ఆనించుకుని కూర్చునేవి. మా సారు ప్రశ్న అడిగితే తొమ్మిదోవాళ్లు జవాబు చెప్పేవాళ్లు, వాళ్ల సారు కొడితే మాకు తగిలేది. ఆ ఏడు జిల్లా నుంచి ఆఫీసరు వచ్చి ఇదంతా చూసి, పెద్దసారుతో (మా హెడ్మాస్టరును ఊరంతా అలాగే పిలిచేది) మొహమాటం లేకుండా చెప్పేశాడు. "గదులకు వచ్చే నిధులు తక్కువ, అడిగే బళ్లు ఎక్కువ. ఈసారి టెన్త్‌లో అందరూ పాసైతే మీ బడి పేరు ముందు రాస్తా. లేకుంటే తొమ్మిది, పది ములుగు బడిలో కలిపేస్తం." కలిపితే మగపిల్లలం బస్సెక్కి పోయేవాళ్లం. ఆడపిల్లల చదువు అక్కడితో సరి. ఎనిమిదో తరగతిలో ఉన్న మా చెల్లె సంగతి మా నాయన ఆ పూటే తేల్చేశాడు: "ఆడిపిల్లను రోజు బస్సుల పంపుడు నాతోని కాదు. మీ అమ్మెంట చేనుకు పోయి మిర్పకాయలు ఏరుతది."

టెన్త్‌లో మేం పదకొండు మందిమి. పదిమంది గురించి పెద్దసారుకు ఫికర్ లేదు. పదకొండోవాణ్ణి నేను. వెనకబడిన పిల్లల్ని సార్లు తలా ఒకర్ని దత్తత తీసుకోవాలని పెద్దసారు అంటే, నా పేరు వచ్చేసరికి సార్లందరికీ ఒకేసారి దగ్గు వచ్చింది. దాంతో ఆయన నన్ను ఊరంతటికీ దత్తత ఇచ్చేశాడు. ఒక్కో లెక్క, దాని జవాబు ఒక్కో చిట్టీ మీద రాసి ఇల్లిల్లూ పంచాడు. నేను ఎక్కడ కనబడితే అక్కడ ఆపి అడగాలని హుకుం. చదువు రానివాళ్లకు తానే కూర్చుని నోటికి నేర్పాడు. బజ్జీల బండి అత్త వంతుకు లంబకోణ త్రిభుజం వచ్చింది. కటింగ్ షాపు మామకు వృత్తం వైశాల్యం. మామ నా తల సగం గొరిగి కత్తెర ఆపేవాడు. "చెప్పు బిడ్డా, చెప్తేనే తక్కిన సగం."

అయితే మా ఊరివాళ్ల మనసు మెత్తన, అదే కొంప ముంచింది. సరిగ్గా చెబితే "శభాష్" అని వీపు తట్టి పంపేవాళ్లు. తప్పు చెబితే వాళ్ల ప్రాణం విలవిల్లాడేది. "పాపం పోరనికి మెదడుల బలం లేదు, జర తిను కొడుకా" అని బజ్జీల అత్త రెండు వేడి బజ్జీలు చేతిలో పెట్టేది. మామ ఇంటినుంచి ఉడికిన గుడ్డు తెప్పించేవాడు. శభాష్‌తో కడుపు నిండదని నాకు వారంలోనే అర్థమైంది. ఆ తర్వాత నేను చెప్పిన తప్పులు మామూలువి కావు. కష్టపడి, కూర్చుని ఆలోచించి తయారుచేసిన తప్పులు. సంక్రాంతి దాటేసరికి నాకు చిట్టీలన్నీ కంఠతా వచ్చాయి, నాలుగు కిలోలు ఒళ్లూ వచ్చింది. పెద్దసారు మాత్రం చిక్కి సగమయ్యాడు.

ఒకరోజు బర్రెను కడుగుతూ హుషారులో లెక్కలన్నీ వరసగా పాడేస్తున్నాను. తలెత్తితే చెల్లె. అరవలేదు, అమ్మకు చెప్పలేదు. బకెట్ కింద పెట్టి, "అన్నా, నువ్వు గుడ్లు తిన్నన్ని రోజులు తిను. గని పరీక్షల గూడ గిట్లనే తప్పు రాస్తివా, రేపటేడు నేను మిర్పచేన్ల ఉంట" అంది. (నా జీవితంలో చాలామంది నన్ను తిట్టారు. ఏ తిట్టూ అంత లోపలికి పోలేదు.)

మర్నాడే బండి దగ్గరికి పోయి, అత్త అడక్కముందే కర్ణం వర్గం దేనికి సమానమో గడగడా చెప్పేశాను. అత్త జాలిగంటె పట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. "ఎవడు సూపిచ్చిండ్రా చిట్టీ?" మామ అయితే నా జేబులు వెతికాడు. ఊళ్లో ఒక్కరూ నమ్మలేదు. తప్పులు చెప్పినన్నాళ్లూ నమ్మిన ఊరు, నిజం చెబితే దొంగను చేసింది. అప్పుడు పుట్టింది అసలు భయం: ఇన్నాళ్లు తప్పులకు అలవాటుపడ్డ నోరు పరీక్షలో చేత ఏది రాయిస్తుందోనని.

లెక్కల పేపర్లో మొదటి ప్రశ్న చూడగానే మరిగే నూనె వాసన వచ్చింది. రెండో ప్రశ్నకు చెవి పక్కన కత్తెర చప్పుడు. అలా ఇల్లిల్లూ తిరుగుతూ రాశాను. ఒకటి రెండుచోట్ల చెయ్యి పాత అలవాటుకు పోతే కొట్టేసి మళ్లీ రాశాను.

ఫలితాల రోజు పెద్దసారు బస్టాపులోనే పేపర్ విప్పాడు. మామ సగం గడ్డంతో ఉన్న మనిషిని కుర్చీలోనే వదిలేసి వచ్చాడు. పెద్దసారు వేలు పది నంబర్ల మీద ఆగింది, నా నంబరు దగ్గర లైను అయిపోయింది. చెల్లె ముఖం చూడలేక నేను బస్సు టైర్లు చూస్తున్నాను. "ఆగుండ్రి... కింది లైన్ల ఉన్నడు! ఉన్నడు!" అన్న పెద్దసారు అరుపుకు డ్రైవర్ కూడా దిగొచ్చాడు. అత్త ఆ రోజు ఊరందరికీ బజ్జీలు పెట్టింది, నాకు తప్ప. "నువ్వు తిన్నయి సాలు తియ్" అంది. (అంటే ఎప్పటినుంచో ఆమెకూ తెలుసన్నమాట!)

గదులు వచ్చాయి. చెల్లె అందులోనే టెన్త్ చదివింది, ఇప్పుడు అదే బడిలో లెక్కలు చెబుతోంది. మొన్న టెన్త్ పిల్లలకు ధైర్యం చెప్పమని పిలిస్తే పోయాను. మైకు దొరికితే నేను ఆగుతానా? ఈ గోడలు లేపింది నేనే అన్నాను, లెక్కల్లో తొంభై రెండు తెచ్చుకున్నానన్నాను. వెనక తలుపు దగ్గర నిలబడ్డ మా చెల్లె మేడమ్ గారు ముందు మూడు వేళ్లు చూపింది, తర్వాత ఎనిమిది. నేను గొంతు సవరించుకుని, "ముప్ఫై ఎనిమిది" అని దిద్దుకున్నాను. తొంభై రెండుకు ఊరుకున్న పిల్లలు ముప్ఫై ఎనిమిదికి బల్లలు చరిచారు. ముందు బెంచీ పిల్ల లేచి, "అంకుల్, గన్ని మార్కులకే రూములు ఇచ్చిన్రా?" అని అడిగింది.

"ఇచ్చిన్రు బిడ్డా" అన్నాను. ఇన్నేళ్లలో నేను చెప్పిన కథల్లో, ఒక్క ముక్క కలపకుండా చెప్పింది అదొక్కటే.