ఒదీల్ నింపిన మూడు పీపాలు

“ఇంట్లో మీరొక్కరే. ఇంత సారా ఎవరు తాగుతారమ్మా?” పన్నుల అధికారి ఒదీల్ తిరియోని అడిగిన ప్రశ్న ఇది.

“తాగడానిక్కాదు,” అంది ఒదీల్. ఆయన నమ్మలేదు. ఆమె చెప్పింది నిజం.

ఫ్రాన్సు తూర్పున మా లొరైన్ పల్లెల్లో సొంత చెట్ల పళ్ళతో కొన్ని లీటర్ల సారా పన్ను లేకుండా కాయించుకునే హక్కు కొందరికుండేది. 1960లో ప్రభుత్వం దాన్ని పిల్లలకు దక్కకుండా చేసింది. మొగుడు పోతే పెళ్ళానికి మిగులుతుంది, అంతే. 1991 నాటికి మా ఊళ్ళో ఆ హక్కున్నది డెబ్బై తొమ్మిదేళ్ళ ఒదీల్‌కొక్కతికే. ఆ ఏడే పెద్దమనుషులు కొందరు వచ్చి, సారా బట్టీ ఆగే చోట ‘మన వారసత్వం’ అని ఇత్తడి పలక బిగించి, ఫొటో దిగి పోయారు. ఒక్కరూ ఆమె తలుపు తట్టలేదు.

ఆ చక్రాల బట్టీని ఏటా జనవరిలో, సారా కాచే పొరుగూరి అల్బాన్ ట్రాక్టరుకు తగిలించుకుని తెచ్చేవాడు. పూర్వం మూడు రోజులు ఆగేది. వంతు కోసం వచ్చినవాళ్ళు దాని వేడి చుట్టూ చేరి, మరిగే పళ్ళ పిప్పిలో సాసేజ్‌లు ఉడికించుకు తింటూ, చచ్చినవాళ్ళనీ బతికినవాళ్ళనీ కలిపి ఆడిపోసుకునేవారు. ఒదీల్ ఏడాదంతా ఎదురుచూసేది ఆ కబుర్ల కోసం. ఆ గుంపు తరిగి తరిగి, చివరికి ఆమె, అల్బాన్ మిగిలారు.

“ఒక్క పీపా పళ్ళ కోసం రోజంతా కట్టెలు తగలెయ్యలేనత్తా,” అన్నాడు అల్బాన్. “వచ్చే ఏడు మూడుంటే వస్తా. లేకపోతే నువ్వే మా ఊరు రా.”

“ఈ మోకాళ్ళతోనా? మూడుంటాయిలేరా, నువ్వు రా.”

ఆగస్టులో ఆమె బకెట్ పట్టుకుని, యజమానులు పోయి గేట్లు తుప్పుపట్టిన తోటలన్నీ తిరిగింది. రాలిన మిరబెల్ పళ్ళను, అంటే గోళీలంత ఉండే పసుప్పచ్చటి ప్లమ్ పళ్ళను, వంగి వంగి ఏరింది. నెల రోజుల్లో, పళ్ళు పులియడానికి పెట్టిన మూడు పీపాలూ నిండాయి. ముసలిదానికి ఆశెక్కువ అనుకున్నాం. సాయానికి ఎవరమూ వెళ్ళలేదు.

జనవరిలో అల్బాన్ వచ్చాడు. ఒదీల్ పన్నెండు సాసేజ్‌లు తెచ్చింది. ఊళ్ళోంచి ఎవరూ రాలేదు. వచ్చిన మూడో మనిషి పన్నుల అధికారి.

“ఈ పళ్ళన్నీ మీ చెట్లవేనా?”

“మా వీధివాళ్ళవి. అందరూ శ్మశానంలో ఉన్నారు, వెళ్ళి అడుగు బాబూ.”

“అత్తా, ఊరుకో,” అన్నాడు అల్బాన్.

“నేనేమన్నానురా? ఆయన్ని కూర్చోమను. సాసేజ్ పెట్టు.”

ఆయన కూర్చున్నాడు. రెండు తిన్నాడు. గంటసేపు వాళ్ళమ్మ కీళ్ళనొప్పుల గురించి చెప్పాడు. చెట్ల సంగతి రాసుకోలేదు గానీ లీటర్లు మాత్రం వదల్లేదు. హక్కుకు మించిన ఇరవై లీటర్లకు పన్ను వేసి, నెలనెలా కట్టుకోమన్నాడు.

“మళ్ళీ వస్తావా?” అని అడిగింది ఒదీల్.

“కట్టకపోతే రాక తప్పదమ్మా,” అని నవ్వాడు.

ఆమె రెండు నెలలు కట్టి ఆపేసింది. డబ్బు లేక కాదు, పోస్టాఫీసు ఖాతాలో ఉంది. ఆయన రాలేదు, నోటీసులు వచ్చాయి. నవంబరులో ఆమె పోయేనాటికి పన్నెండు వందల ముప్పై ఫ్రాంకులు బాకీ ఉంది.