కప్ప సేటు వెనక్కి పిలవలేదు

ఈ సంగతి మీద నేను రాయని చోటు లేదు, ఇంతవరకు ఒక్కరూ పట్టించుకోలేదు. ఆట తయారుచేసిన కంపెనీకి రాశాను. "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది" అని మరుక్షణమే జవాబు వచ్చింది. అంత తొందరగా వచ్చిందంటే మనిషి చదవలేదన్నమాటే కదా అని ఇంకొకటి రాశాను, దానికీ అదే వచ్చింది. ఆడినవాళ్లు తమ అభిప్రాయాలు రాసుకునే పేజీ ఒకటుంటే అక్కడా రాశాను. నా కింద రాసినవాళ్లంతా బొమ్మలు బాగున్నాయని, గాడిద మాటలకు నవ్వి నవ్వి కడుపు నొప్పి పుట్టిందని రాసుకున్నారు తప్ప నేను లేవనెత్తిన విషయం ఒక్కడూ ముట్టుకోలేదు. ఇంట్లో చెబితే మా ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతూ, "గా కప్ప పిలువకపోతే నువ్వే పిలువరాదూ?" అంటుంది. ఆమెకు ఆట తెలియదు. అందుకని ఈ కాగితం మీద మీకు మొదటినుంచీ రాస్తాను.

ఆ రోజుల్లో మెదక్‌లో సాయంత్రం పూట పిల్లల్ని వెతకాల్సిన పని ఉండేది కాదు. టీవీలో 'గుండురాజు' వచ్చే వేళకు ఎవరింట్లో కరెంటుంటే వాళ్లింట్లో ఉండేవాళ్లం. కాకి కిరీటం ఎత్తుకుపోతే దాన్ని వెతుక్కుంటూ ఊళ్లు తిరిగే బట్టతల రాజు, ఆయన వెంట గరిటె వదలని వంటవాడు, అడగని వాళ్లకు కూడా సలహాలిచ్చే గాడిద. ఎక్కడిదో విదేశీ కార్టూను, తెలుగులో మాటలు పెట్టి వేసేవారు. ప్రతి కథలోనూ రాజు కప్ప సేటు దుకాణానికి వెళ్లి ఏదో బేరం చేస్తాడు, కుదరక అలిగి మెట్లు దిగుతాడు. అప్పుడు కప్ప సేటు మనకు వీపు చూపించి సీసాలు తుడుచుకుంటూ, "ఆగు ఆగు మహారాజా! నీ మాటా కాదు, నా మాటా కాదు, నడుమ కలుద్దాం!" అని పిలుస్తాడు. ఆ పిలుపు కోసమే మేమంతా చూసేది. పిలవగానే గది గదంతా చప్పట్లు కొట్టేది.

నాకు ఆ పిలుపు కొత్త కాదు. మా చిన్నాయనకు పెద్ద బజారులో స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. ఏడుపాయల జాతరకు వచ్చిపోయేవాళ్లూ, పెళ్లికి గిన్నెలు కొనేవాళ్లూ, ఊరికే ధర అడిగి పోయేవాళ్లూ, అందరితోనూ ఆయనకు ఒకటే పద్ధతి. ఒకసారి ఎల్దుర్తి నుంచి వచ్చినామె బిందెను అటూ ఇటూ తిప్పి, "ఏం సేటూ, గంత ధర జెప్తున్నవ్? గిది నీళ్లు వట్టుతదా, నీళ్లు పుట్టిస్తదా?" అని లేచింది. చిన్నాయన ఆమె ముఖం చూడలేదు. మెట్ల దగ్గర ఆమె కాళ్లు చూశాడు. ఆమె ఒక చెప్పు వేసుకుంది, రెండో చెప్పును బొటనవేలితో వెతుకుతోంది. చెప్పు కళ్లముందే ఉంది. చిన్నాయన అప్పుడు గొంతెత్తాడు. "ఓ అక్కా! గట్ల అలిగిపోతే ఎట్లనే? రా, కూసో. జర చాయ్ తాగు." ఆమె వచ్చి కూర్చుంది, బిందె తీసుకుని పోయింది. ఆయన నాతో అన్నాడు: "పోయేటోళ్ల మొకం సూడొద్దురా, కాళ్లు సూడాలె. నిజంగ పోయేటోడు చెప్పులు టక్కున తొడుగుతడు. మనం పిలువాలె అనుకునేటోనికి చెప్పు దొరకదు." (ఈ చదువు నాకు ఏ బళ్లోనూ చెప్పలేదు. చెప్పి ఉంటే పాసయ్యేవాణ్ని.)

ఆ దుకాణంలో ఒక కంప్యూటర్ ఉండేది. బిల్లుల కోసమని కొన్నాడు కానీ ఒక్క బిల్లూ దాంట్లోంచి బయటికి రాలేదు. దాని మీద తువ్వాలు కప్పి, పండగలకు బొట్టు పెట్టేవాడు. పదో తరగతి సెలవుల్లో ఆ తువ్వాలు తీసినవాడు నా దోస్తు. చర్చి కాంపౌండులో ఉండే పాస్టరు గారబ్బాయి. ఏ వాదన వచ్చినా చివర్లో "ఆమెన్" అనేసి ఇక మాట్లాడడానికి వీల్లేకుండా చేసేవాడు కనుక అందరం వాణ్ని ఆమెన్ అనే పిలిచేవాళ్లం. వాళ్ల మేనమామ సికింద్రాబాద్ నుంచి తెచ్చిచ్చిన సీడీ పట్టుకుని ఒక మధ్యాహ్నం పరుగెత్తుకొచ్చాడు. గుండురాజు ఆట! చూసే కథ కాదు, మనమే రాజై, మనమే వంటవాడై, మనమే ఊళ్లు తిరిగే ఆట. రాజు తుమ్మితే శత్రువులు ఎగిరిపోతారు. వంటవాడు గరిటెతో కొడతాడు. గాడిద సలహా చెబితే ఎదుటివాడు ఆవలించి నిద్రపోతాడు. పాత్రలు పంచుకునేటప్పుడు రాజూ వంటవాడూ వాడు తీసుకున్నాడు. దుకాణం మాది, కంప్యూటర్ మాది, తువ్వాలు మాది, నాకు గాడిద.

"గాడిదనా నాకు?"

"అరే, అందర్ల తెలివైంది గదే గదరా! రాజు తుమ్ముతడు, గంతే. ముచ్చట జెప్పేది గాడిదనే. నీకు మస్తు సూటయితది. ఆమెన్."

ఆమెన్ అన్నాక ఏం చేస్తాం. (నా ఫిర్యాదులు విన్నవాళ్లు ఆవలించడం నేను గమనించకపోలేదు. ఆ రోజు వాడు తెలిసే అన్నాడేమోనని ఇప్పటికీ అనుమానం.) కానీ నిజం చెప్పాలంటే ఆ వేసవిలో నేను ఆడినంత మంచి గాడిదను ఎవరూ ఆడి ఉండరు. ఆటలో మాటలన్నీ ఇంగ్లీషులో కింద అక్షరాలుగా వచ్చేవి. వాడు చదివి అర్థం చెప్పేవాడు, నేను దాన్ని మన మాటలో గాడిద గొంతుతో చెప్పేవాణ్ని. గిన్నెలు కొనడానికి వచ్చినవాళ్లు ధర అడగడం మరిచిపోయి మా వెనక నిలబడేవాళ్లు.

అలా ఆడుతూ ఆడుతూ కాకుల వంతెన దాకా వచ్చాం. దాని మీద కాకులు పై నుంచి చేసే పని ఆగకుండా వానలా కురుస్తుంది. ఇత్తడి గొడుగు లేకుండా దాటలేం. ఇత్తడి గొడుగు కప్ప సేటు దగ్గర ఉంది. దుకాణంలోకి వెళ్లాం, ధర చూశాం, ఇద్దరం ఒకేసారి నవ్వాం. ఏం చేయాలో మాకు ఎవరైనా చెప్పాలా? అలిగాం. మెట్లు దిగాం. దిగి, పిలుపు కోసం చూశాం.

కప్ప సేటు వీపు తిప్పి సీసాలు తుడుస్తున్నాడు. అచ్చం టీవీలో లాగే. పిలవలేదు. ఆటలోని పాట అయిపోయి మళ్లీ మొదలైంది, మళ్లీ అయిపోయింది. చివరికి చిన్నాయనే వచ్చాడు.

"ఏందిరా, ఎప్పటిసంది గా బొమ్మ కదుల్తలేదు? కంప్యూటర్ కరాబైందా?"

"కరాబ్ కాలే చిన్నాయనా. కప్ప సేటు పిలుస్తడని సూస్తున్నం."

ఇంకొకరైతే నెత్తి మీద ఒకటి వేసేవారు. మా చిన్నాయన కళ్లజోడు పెట్టుకుని స్క్రీను దగ్గరగా వంగి చాలాసేపు చూశాడు. "మీరు నిలవడ్డది తప్పురా," అన్నాడు చివరికి. "గిట్ల మెట్ల మీదనే నిలవడితే ఎవడు పిలుస్తడు? మీకు అవుసరం ఉన్నదని ఆనికి ఎరుకైతది. జర నడువుండ్రి. పోతున్నట్టు పోవాలె, పోవద్దు."

అప్పటినుంచి మా ఆట అదే. లోపలికి వెళ్లడం, గొడుగు ముట్టుకోవడం, అలగడం, మెల్లగా వీధి చివరిదాకా నడవడం. రాజు ముందు, వంటవాడు వెనక, నా గాడిద అందరికన్నా వెనక, మాటిమాటికీ ఆగుతూ. కంప్యూటర్లో గాడిదకు చెప్పులు లేవు కానీ, ఉంటే వెతుక్కునేదే. చిన్నాయన గిరాకీ లేనప్పుడల్లా వచ్చి, "పిలిసిండా?" అని అడిగేవాడు. లేదంటే తల ఊపి, "గట్టి సేటురా ఆడు. గసుంటోని తాన పని నేర్సుకోవాలె," అనేవాడు. వాడి ధర మాత్రం కట్టొద్దని, పిలిచేదాకా కొనొద్దని ఆమెనూ నేనూ చెయ్యీ చెయ్యీ కలుపుకున్నాం.

ఇంతలో నర్సాపూర్‌లో మా మేనత్త బిడ్డ పెళ్లి వచ్చింది. వెళ్లక తప్పలేదు. పెళ్లిలో కూడా నాకు అదే ధ్యాస, నేను లేనప్పుడు సేటు పిలుస్తాడేమోనని. బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా దుకాణానికి పోయాను. స్క్రీను మీద కాకుల వంతెన వెనకెక్కడో ఉండిపోయింది. రాజు చేతిలో ఇత్తడి గొడుగు. గొడుగు కింద నా గాడిద, నేను లేకుండానే నడుస్తూ.

"పిలిసిండా?" అన్నాను.

"పిలువలే."

"మరి గొడుగు?"

"కొన్న. ఆడు జెప్పినంతకే కొన్న."

"ఒక్క మాటన్న తగ్గియ్యకుంట? చెయ్యి గలిపినం గదరా!"

"ఏం జెయ్యాల్రా మరి? ముసలోళ్లమయ్యేదాంక ఆని దుకాణం ముంగట తిరుగుదామా? ఆటంటే ముంగటికి వోవాలె. కిరీటం దొరకాలె. ఆమెన్!"

"ఏం ఆమెన్? నీకు ఆగుడు రాదు. ఇంకొక్కరోజు ఆగితే పిలుస్తుండె. ఇగ నీతోని ఆడను పో."

"ఆడకు."

వాడు లేచాడు. నేనూ లేచాను. వాడు దుకాణం ముందున్న మెట్ల మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకున్నాడు, విప్పాడు, మళ్లీ కట్టుకున్నాడు. నేను వెనక గోదాం తలుపు దగ్గర ఒక చెప్పు వేసుకుని రెండో చెప్పు వెతికాను. (చెప్పు కళ్లముందే ఉంది.) వాడు చర్చి వైపు, నేను ఇంటి వైపు, బేరం చేసేవాళ్లు నడిచినట్టే నడిచాం. ఇద్దరం కొనేవాళ్లమే అయ్యాం, పిలవడానికి దుకాణంలో ఎవరూ లేరు. చిన్నాయన మాత్రం గద్దె మీంచి, "ఓ పిల్లలూ, రాండ్రిరా! గట్ల అలిగితే ఎట్ల? గీ కంప్యూటర్ ఎవడు బంద్ జేస్తడు?" అని అరిచాడు. కానీ ఆయన పిలుపు మాకు లెక్కలోకి రాదు కదా.

తర్వాతి ఆదివారం, ప్రార్థన అయ్యే వేళకు, ఊరికే అటు వెళ్లినట్టు చర్చి గేటు దాకా వెళ్లాను. పాట వినిపించింది కానీ అందులో వాడి గొంతు లేదు. వాళ్లింటికి తాళం. దుకాణానికి వస్తే చిన్నాయన గిన్నె మీద పేరు చెక్కుతూ, తల ఎత్తకుండా చెప్పాడు: "పాస్టరు అయ్యగారికి బదిలీ అయిందంటరా. మొన్ననే సామాన్ల లారీ వోయింది. పిల్లగానికి ముందే ఎరుకంట. నువ్వు నర్సాపూర్ వోయినప్పుడు నా తాన కూసోని, 'పోయేలోపట కిరీటం దొరకవట్టాలె అంకుల్, ఇద్దరం గలిసి సూడాలె' అన్నడు. నీకు జెప్పకుమన్నడు, పరేషాన్ అయితవని."

చెప్పాల్సింది. చెబితే నేను ఆ ధరకే కొననిచ్చేవాణ్నేమో, ఏమో. చెప్పకపోవడం నా రెండో ఫిర్యాదు. ఆ కిరీటం నేను వెతకలేదు. చిన్నాయన మళ్లీ తువ్వాలు కప్పాడు.

ఇప్పుడు ఆ ఆట ఫోన్లలోకి వచ్చింది. బొమ్మలకు మెరుగులు దిద్దారు, గాడిద తోకకు కుచ్చు పెట్టారు. బజారులో చిన్నాయన దుకాణం ఇప్పుడు నేను చూసుకుంటున్నాను కనుక, గిరాకీ లేని మధ్యాహ్నం అదే గద్దె మీద కూర్చుని ఆడాను. కప్ప సేటు దుకాణంలోకి వెళ్లాను, అలిగాను, దిగాను. వీపు తిప్పాడు, సీసాలు తుడిచాడు. పిలవలేదు. ఇన్నేళ్లలో ఏమీ నేర్చుకోలేదు. అప్పుడే అసలు కార్టూను ఇంగ్లీషులో దొరికితే అదీ చూశాను. అందులోనూ కప్ప సేటు పిలవడు! వీపు తిరిగి ఉన్నప్పుడు నోరు కనపడదు కనుక, తెలుగులో మాటలు చెప్పిన మహానుభావుడెవరో తనంతట తానే ఆ పిలుపు పెట్టాడు. అలిగి పోతున్నవాణ్ని పిలవకుండా ఉండడం ఆయనకు చేతకాలేదనుకుంటాను. మేము వేసవంతా ఎదురుచూసింది ఆ మాట కోసం, అది ఆటలో ఎప్పుడూ లేదు. అయినా నా ఫిర్యాదు నేను వెనక్కి తీసుకోలేదు. ఉండాల్సింది.

కొన్నాళ్ల కిందట ఆ అభిప్రాయాల పేజీ మళ్లీ తెరిచాను, ఎవరైనా జవాబిచ్చారేమోనని. ఇవ్వలేదు. కానీ ఎంతో కింద, ఎవరూ చదవని చోట, ఇంకొక అభిప్రాయం కనిపించింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. పేరు లేదు, పేరు రాయాల్సిన చోట 'ఆటగాడు' అని మాత్రం ఉంది. ఇలా రాశాడు: "కప్ప సేటు వెనక్కి పిలుస్తలేడు. మస్తు సేపు ఆగిన. వీధి చివరిదాంక నడిచిన. ఈసారి గొడుగు కొనలే. ఆమెన్."

గిరాకీ వచ్చినా లేవకుండా ఆ నాలుగు మాటలూ మళ్లీ చదివాను. తెలుగులో చూసినవాడికి తప్ప ఆ పిలుపు తెలియదు. మా చిన్నాయన మాట విన్నవాడికి తప్ప వీధి చివరిదాకా నడవడం తెలియదు. "నువ్వే పిలువరాదూ?" అని మా ఆవిడ అన్నది గుర్తొచ్చింది. ఇంతకాలం నేను మెట్ల దగ్గర చెప్పు వెతుక్కుంటూనే ఉన్నాను, నా కాళ్లు ఎవరైనా చూస్తారని. గద్దె మీద కూర్చున్నవాణ్ని నేనేనని నాకు తట్టనే లేదు, ఎంత తెలివైన గాడిదనో చూడండి. ఆ అభిప్రాయం కింద రాశాను: "ఆగు ఆగు మహారాజా! నీ మాటా కాదు, నా మాటా కాదు, నడుమ కలుద్దాం!"

రాసి చాలా రోజులైంది. జవాబు లేదు. రోజూ చూస్తున్నాను. ఒరే ఆమెన్, అది నువ్వేనా కాదా? నువ్వే అయితే ఏ ఊళ్లో ఉన్నావో, ఈ కాగితం నీ చేతికి వచ్చిందో లేదో నాకు తెలియదు. నీ రాజు, నీ వంటవాడు, నా గాడిద ముగ్గురూ కప్ప సేటు వీధి చివర నిలబడి ఉన్నారు, నేను కదిలించలేదు. గొడుగు ధర సంగతి నువ్వొచ్చాక చూసుకుందాం. ఇగ పిలువాల్సినోణ్ని నేను పిలిసిన. పలుకుతవా, పలుకవా? గదొక్కటి జెప్పురా.