తుఫాను ఊరికి జీన్సు ప్యాంట్లు

నా తెలివితేటల వల్ల ఒక ఊరు ఊరంతా దాహంతో అల్లాడిన సంగతి చెప్పబోతున్నాను. మీరు నవ్వుకోండి, పర్వాలేదు. ఆ రోజు మాత్రం నాకు ముచ్చెమటలు పట్టాయి.

తొంభైల చివర్లో కోస్తాను పెద్ద తుఫాను ముంచేసింది. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. బెళుగుప్పలో మా చర్చివాళ్ల సేవాసంస్థలో పని. పాస్టరయ్య తాను ముందుగా రైల్లో పోవడానికి గుంతకల్లుకు బయల్దేరుతూ, సామాన్ల లారీని నాకు అప్పగించాడు.

"డేవిడూ, బియ్యం, దుప్పట్లు, నీళ్ల క్యాన్లు. ఒక్కటి గూడా మరిసిపోవద్దప్పా."

నేనా మరిచిపోయేది!

మా ఊరికి నీళ్ల ట్యాంకరు రెండు రోజులకోసారి వచ్చేది. ఆడవాళ్లు తమ వంతు నీళ్లు తగ్గించుకుని అరవై క్యాన్లు నింపి ఇచ్చారు. తీరా లారీ కదలబోతుంటే రాయదుర్గం నుంచి ఎవరో బట్టలు కుట్టించే పుణ్యాత్ముడు ఎనిమిది మూటల జీన్సు ప్యాంట్లు పంపాడు. లారీలో చూస్తే చోటు లేదు. అప్పుడు నా బుర్ర పనిచేసింది. అది పనిచేసినప్పుడల్లా ఎవరో ఒకరికి కష్టకాలం.

నేను క్యాన్లు దించుతుంటే పక్కింటి మార్తక్క పరుగెత్తుకొచ్చింది.

"ఏమప్పా, నీళ్లు దించుతాండావు?"

"టీవీలో సూడలేదా అక్కా? ఆడ ఇండ్లు మునిగిపోయినాయి. మునిగినోళ్లకు మళ్లా నీళ్లు తీస్కపోతే నవ్వుతారు."

మార్తక్క తానూ ఒక క్యాను అందుకుని దించింది. "నిజమే కదప్పా! మాకెవురికీ తట్టనే లేదు సూడు."

తప్పు నా ఒక్కడిదే అనకండి. కళ్లెదుట నీళ్లుండి కూడా తాగడానికి లేకపోవడమనేది మా ఊళ్లో ఎవరి ఊహకూ అందే విషయం కాదు. అందరూ నన్ను మెచ్చుకుని, ఎవరి నీళ్లు వాళ్లు బిందెల్లో పోసుకుపోయారు.

రెండో రోజు మధ్యాహ్నానికి తుఫాను ఊరు చేరాం. రోడ్డుకు రెండు పక్కలా నీళ్లే నీళ్లు. నా తెలివికి నేనే మురిసిపోయాను. లారీ ఆగీ ఆగకముందే ఆడవాళ్లు ఖాళీ బిందెలతో చుట్టుముట్టారు.

"మంచినీళ్లు తెచ్చారా బాబూ? బావులన్నీ ఉప్పు నీళ్లయిపోయాయి. పొద్దుట్నుంచి పిల్లలకి గుక్కెడు నీళ్లు లేవు."

ఏం చెయ్యాలో తోచక చేతికందిన మూట విప్పి ఒక ప్యాంటు అందించాను. ఒక ముసలమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని పిండితే వస్తాయా?" అంది.

అంతలో పాస్టరయ్య వచ్చాడు. "క్యాన్లు యాడ?"

"ఆడ... ఆడుండాయయ్యా."

"ఆడంటే యాడ?"

"మనూర్లో. దించేసినా."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఊళ్లో ఉన్న బిందెలూ డ్రమ్ములూ లారీకెక్కించి నన్ను పట్నం పంపాడు. దారంతా చెట్లు పడి ఉన్నాయి, లారీ నత్తలా నడుస్తోంది. ఒక్క బిడ్డకైనా ఏమన్నా అయితే నేను ఎవరికి మొహం చూపించాలి? వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ అదే భయం, అదే ప్రార్థన.

పొద్దు వాలే వేళకు నీళ్లతో తిరిగొచ్చాం. ముందు పిల్లలు తాగారు. అందరూ బాగానే ఉన్నారని కళ్లారా చూశాకే నాకు ఊపిరాడింది. తన వంతు రాగానే ఆ ముసలమ్మ గ్లాసు నింపుకుని నన్ను పలకరించింది.

"మీదే ఊరు బాబూ?"

"అనంతపురం జిల్లా అవ్వా."

"అయ్యో నా తండ్రీ! మీకే చుక్క నీళ్లుండవంట కదా, మాకెక్కణ్ణించి తెస్తారు? తెలీక ఇందాక ఎగతాళి చేశాను. ముందు నువ్వు తాగు" అంటూ గ్లాసు నా చేతిలో పెట్టింది.

నేను పాస్టరయ్య వంక చూశాను.

"తాగప్పా" అన్నాడాయన. "ఆ అరవై క్యాన్ల సంగతి ఆయమ్మకు సెప్పి తాగు."

చెప్పాను. అవ్వ ఓపిగ్గా అంతా వింది. విని, నా చేతిలోని గ్లాసు వెనక్కి తీసుకుని గటగటా తానే తాగేసింది.

ఆ ఖాళీ గ్లాసు సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఎవరికేం కావాలో ఈ జన్మలో నేను తేల్చను. ఇంట్లో మా ఆవిడ "మీకు ఆకలేస్తోందా?" అని అడిగినా, "నువ్వే చెప్పు" అంటున్నాను.