పొన్నగడ్డకు సైకిల్ తొవ్వ

నా బతుకులో కాగితం మీద గీతలు గీసి, రంగులు వేసి, పక్కాగా ప్లాన్ చేసిన ప్రయాణం ఒక్కటే. అది ప్లాన్ ప్రకారం జరిగి ఉంటే ఈ నాలుగు ముక్కలు రాయడానికి నేను మిగిలేవాణ్ని కాదు. తప్పంతా నాదేనని ముందే ఒప్పుకుంటున్నాను కాబట్టి మీరు మొహమాటం లేకుండా నవ్వుకోవచ్చు.

అప్పుడు నేను ఆర్మూర్‌లో ఒక పసుపు కమీషన్ దుకాణంలో కాంటా దగ్గర పని చేసేవాణ్ని. నా చొక్కా పసుపు, చెవులు పసుపు, మధ్యాహ్నం తినే పెరుగన్నం కూడా పసుపే. నా దోస్తు గంగాధర్‌ది మోర్తాడ్. దుబాయిలో ఒక గోదాములో పని చేస్తాడు. రెండేళ్లకోసారి నెల రోజుల సెలవు మీద వస్తాడు. ఆసారి ఇరవై ఆరు రోజులు పెళ్లిళ్లకు, దవాఖానలకు, ఆఫీసుల చుట్టూ తిరగడానికే పోయాయి. మిగిలినవి నాలుగు. ఒక పొద్దున వచ్చి మా దుకాణం మెట్ల మీద కూలబడ్డాడు.

"ఆడ ఇసుక సూసి సూసి కండ్లు ఎండిపోయినయ్ రా. గీ నాలుగు దినాలన్న గంగ పొంటి తిరుగుదాం. ఉరుకుడు వద్దు. సైకిల్ మీద, తీరుబడిగ."

మా వైపు గోదావరిని గంగ అనే అంటారు, పొంటి అంటే వెంబడి. "ప్లాన్ నాకిడిసెయ్, నువ్ ఫికర్ చెయ్యకు" అన్నాను. నేను ఈ మాట అన్నప్పుడే ఫికర్ మొదలుపెట్టాలని మా ఇంట్లో అందరికీ తెలుసు. పాపం, వాడు దుబాయిలో ఉండటం వల్ల తెలియలేదు.

నవీపేట్ దాకా సైకిళ్లను ట్రాలీ ఆటోలో వేసుకుపోవాలి. అక్కడి నుంచి గంగ పక్కనే తొక్కుకుంటూ పోచంపాడ్ డ్యామ్ దాకా రావాలి. రాత్రులు ఒడ్డున ఉన్న ఊళ్లలో పడుకోవాలి. మార్కెట్ గేటు దగ్గర చాయ్ అమ్మే లచ్చవ్వ పుట్టిన ఊరు పొన్నగడ్డ గంగ ఒడ్డుకే అని విని, నోట్‌బుక్ పట్టుకుని ఆమె బెంచీ మీద కూర్చున్నాను.

"అవ్వా, మీ ఊరు ఎట్లుంటది?"

"ఊరు దిగంగనే చావడి. చావడి ఎనుక మా ఇల్లు. గల్లీ మలిగితే హన్మాండ్ల గుడి. గుడి ముంగట మెట్లు దిగితే గంగనే" అని ఆమె ఎదురుగా కనిపిస్తున్నట్టే చెప్పింది. "మస్తుండె బిడ్డా. మునిగింది గని."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. పసుపు మార్కెట్లో 'మునిగినం' అన్న మాట రోజుకు నలభైసార్లు వింటాం. రేటు పడితే రైతు మునుగుతాడు. రేటు లేస్తే మా సేటు మునుగుతాడు. వాన పడినా మునుగుతారు, పడకపోయినా మునుగుతారు. మునిగినవాళ్లంతా సాయంత్రానికి లచ్చవ్వ దగ్గరే చాయ్ తాగుతూ కనిపిస్తారు. అందుకని నేను కంగారు పడకుండా ఓదార్చాను.

"మళ్ల లేస్తది తియ్యవ్వా."

లచ్చవ్వ నన్ను ఒక రకంగా చూసింది. "యాడ లేస్తది. ఎండకాలంల జరంత తేల్తది, గంతే."

నిజమే కదా, ఎండాకాలం పంట అమ్ముడుపోతే ఎవరికైనా కాస్త ఊపిరాడుతుంది. "మీ ఇల్లున్నదా మరి?" అనడిగాను.

"ఉండక యాడికి వోతది. తలుపులు, దర్వాజలు పీక్కచ్చినం గని గోడలు ఆడ్నే ఉన్నయ్."

తలుపులు సైతం అమ్ముకునేంత కష్టం వచ్చిందా అని నాకు గుండె చెరువైంది. ఆ చెరువు అసలు ఎక్కడుందో అప్పటికి నాకు తెలియదు. "ఒక్క రాత్రి మేం ఆడ పండుకుంటే నీకేమన్న ఇబ్బందా అవ్వా?"

ఆమె చాయ్ వడపోస్తున్నదల్లా ఆగింది. నేను ఆట పట్టిస్తున్నాననుకున్నదేమో, నవ్వింది. "పండుకోండ్రి బిడ్డా. చల్లగుంటది."

నోట్‌బుక్‌లో రాసుకున్నాను: మొదటి రాత్రి, లచ్చవ్వ ఇల్లు, చల్లగా ఉంటుంది.

ఫోన్‌లో మ్యాప్ చూడలేదా అంటారు. చూశాను. పొన్నగడ్డ పేరు గంగకు చాలా దూరంగా, మెరక మీద కనిపించింది. లచ్చవ్వ పుట్టిన ఊరు లచ్చవ్వకు తెలుసా, ఫోనుకు తెలుసా? మ్యాప్ తప్పని తేల్చేశాను. ఆమె చెప్పిన చోట వేలు పెట్టి పెద్దది చేసి చూస్తే అంతా నీలం. ఎంత పెద్దది చేసినా నీలమే. సిగ్నల్ లేక బొమ్మ రావడం లేదనుకుని ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

చిన్నప్పటి నుంచి పోచంపాడ్ డ్యామ్‌కు ఎన్నిసార్లు పోయామో లెక్కలేదు. వేపిన చేపలు తిన్నాం, గేట్ల ముందు నిలబడి ఫొటోలు దిగాం. గేట్ల వెనక ఆగిన నీళ్లు ఎక్కడిదాకా పోయి ఉంటాయి, అక్కడ అంతకుముందు ఏముండేది అని ఒక్కనాడూ అడగలేదు.

బయలుదేరిన రోజు మాత్రం అద్భుతంగా మొదలైంది. వరి కోతలై, రోడ్డు పొడుగునా వడ్లు ఆరబోసి ఉన్నాయి. వాటి పక్క నుంచి గంగాధర్ హ్యాండిల్ వదిలి, చేతులు చాపి తొక్కుతున్నాడు. నెల రోజుల్లో వాడి ముఖం అంత తేలిగ్గా ఉండటం నేను చూడలేదు. మధ్యాహ్నానికి వడ్లు కలియబెడుతున్న ఒక పెద్దాయన దగ్గర ఆగాం.

"కాకా, పొన్నగడ్డకు తొవ్వ యాడికెల్లి?"

"గిట్ల మీదికి వోండ్రి. డాంబర్ రోడ్డు."

"గది కాదు. గంగ ఒడ్డుకున్నది."

"పాత పొన్నగడ్డనా?" ఆయన సైకిళ్లను పైనుంచి కిందిదాకా చూశాడు. "గీటి మీదనా?"

"అవ్ కాకా. తీరుబడిగ."

"అయితే సక్కగ వోండ్రి. ఆ పాత రోడ్డే తీస్కపోతది."

ఆయన అబద్ధం చెప్పలేదు. తుమ్మచెట్ల మధ్య నుంచి మలుపు తిరిగేసరికి ఆ పాత రోడ్డు నీళ్లలోకి దిగిపోయింది. అడ్డం ఏమీ లేదు. మనిషి స్నానానికి దిగినట్టు నిమ్మళంగా దిగింది. కొంత దూరం దాకా నీటి అడుగున కంకర కూడా కనిపిస్తోంది. ఆపైన అంతా నీళ్లే. అవతలి ఒడ్డు కనిపించలేదు. ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. బ్రేకులు మేం వేశామో, సైకిళ్లే ఆగాయో గుర్తులేదు.

డ్యామ్ గేట్ల వెనక ఆగిన నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయి. అంత నీటిని అంతవరకూ చూడలేదు. చూస్తూ ఉండగా లచ్చవ్వ మాటలు ఒకటొకటిగా అర్థమవుతూ వచ్చాయి. మునిగింది. తేల్తది. చల్లగుంటది. ఆమె ఏదీ దాచలేదు. నేనే ఒక్క ముక్కా వినలేదు.

"ఇగ ఎంత దూరం రా లచ్చవ్వ ఇల్లు?" గంగాధర్ అడిగాడు.

"దగ్గర్నే" అన్నాను. "జర లోతుకున్నది."

వాడి నాలుగు రోజుల్లో ఒకటి సగం అయిపోయింది. రెండేళ్లు దాచుకున్న రోజుల్ని తెచ్చి నేను నీళ్లపాలు చేశాను. వాడు తిట్టి ఉంటే బాగుండేది.

అప్పుడే ఒడ్డుకు పడవ లాగి వల దులుపుతున్న పోశన్న అనే జాలరి పలకరించాడు. "ఎవలింటికి?"

"లచ్చవ్వ ఇంటికి" అన్నాను సిగ్గుతో. ఇక నవ్వుతాడనుకున్నాను.

"ఏ లచ్చవ్వ? చావడి ఎనుక ఇల్లా?" పోశన్న వల పక్కన పెట్టాడు. "దాండ్రి, తీస్కపోత. సైకిళ్లు ఈడ్నే ఉండనియ్యుండ్రి."

ఊరు మునిగాక పుట్టినవాడు పోశన్న. వాళ్ల నాయిన పడవలో కూర్చోబెట్టుకుని ఊరంతా నేర్పాడట. నీటి మధ్యలో ఒకచోట తెడ్డు ఆపి, "గిది చావడి" అన్నాడు. చుట్టూ ఏమీ లేదు. నీళ్లు, ఆ నీళ్ల మీద మేము. కొంత దూరం పోనిచ్చి పడవను ఎడమకు తిప్పాడు.

"సక్కగనే పోవచ్చు గదా" అన్నాను.

"సక్కగ పోతె గుడి మీదికెల్లి పోవాలె. మేం పోం." తెడ్డు వేస్తూనే చెప్పాడు. "గల్లీ గిట్లనే మలుగుతది."

కనిపించని గుడి చుట్టూ, కనిపించని గల్లీలో, తాను ఎన్నడూ నడవని ఊళ్లో ఆ మనిషి పడవ నడుపుతున్నాడు. ఏ గోడకూ తగలకుండా నడుపుతున్నాడు. గంగాధర్ నీళ్లలో పెట్టిన చెయ్యి మెల్లగా తీసేశాడు. మేం ఎవరి ఇళ్ల మీదనో ఉన్నామని, గట్టిగా మాట్లాడితే కింద ఎవరికైనా వినిపిస్తుందని అనిపించింది. నేను భయపడ్డానా, దండం పెట్టుకున్నానా అంటే రెండూ చేశాను.

గుడిని చుట్టి మళ్లీ చావడి వెనకకు తెచ్చి పోశన్న తెడ్డు ఎత్తి పట్టుకున్నాడు. "లచ్చవ్వ ఇల్లొచ్చింది. దిగుండ్రి."

ముందు గంగాధర్ నవ్వాడు. తర్వాత పోశన్న నవ్వాడు. ముగ్గురం నవ్వుతుంటే పడవ ఊగిపోయింది, ఆ ఊపుకు నా నోట్‌బుక్ జారి గల్లీలో పడింది. దాంతో మిగతా మూడు రోజుల ప్లాన్ కూడా పొన్నగడ్డకే చేరింది.

"ఇగ యాడికి వద్దు రా" అన్నాడు గంగాధర్. "ఈడ్నే ఉందాం."

అక్కడే ఉన్నాం, ఒడ్డున పోశన్న ఇంటి వసారాలో. మూడు రోజులూ సైకిళ్లు చెట్టుకు ఆనుకుని నిద్రపోయాయి. గంగాధర్ రోజంతా పడవలోనే ఉండేవాడు. చివరి రోజున తెడ్డు తానే తీసుకుని, చావడి దగ్గర నుంచి గుడి పక్కగా, గంగ మెట్ల దాకా ఒక్క తప్పు లేకుండా నడిపాడు. పోశన్న తల ఊపాడు. గంగాధర్ కళ్లు మాత్రం ఎండి లేవు.

వాడు విమానం ఎక్కాక నేను బుద్ధి తెచ్చుకున్నాను. ఇకమీదట ఏ ఊరికి ప్రయాణం కట్టినా, ఆ ఊరు నేల మీద ఉందా లేదా అని ముగ్గురు పెద్దమనుషుల్ని విడివిడిగా అడిగి, రాయించుకుని, సంతకాలు తీసుకున్నాకనే సైకిల్ ముట్టుకుంటానని గంభీరంగా ప్రమాణం చేశాను. ఆ ప్రమాణాన్ని ఫోన్‌లో గంగాధర్‌కు చదివి వినిపించాను.

వాడు చివరి సంతకం దాకా విన్నాడు.

"అడుగకు రా" అన్నాడు. "అడిగి ఉంటె ఆడికి పోయెటోళ్లమే కాదు."

అందుకని ప్రమాణాన్ని కొద్దిగా సవరించుకున్నాను. అడగడం తప్పకుండా అడుగుతాను. గంగాధర్‌కు మాత్రం చెప్పను.