ఒక్క మలుపు వెనక

ముందే ఒట్టేసి చెబుతున్నాను. నా పాలిష్ మిషన్ మీద ఒట్టు, మా గడప బండ మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. తాండూరులో నన్నెరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారని తెలుసు. కందుల మార్కెట్లో ఒక ఎద్దు నన్ను కన్నడంలో తిట్టిందని చెప్పినవాణ్ణి. కరణ్‌కోట పోవాల్సిన బస్సు రివర్సు గేరు ఇరుక్కుని వెనక్కి వెనక్కి వికారాబాదు దాకా పోయిందని, అందులో నేనూ ఉన్నానని చెప్పినవాణ్ణి. అవి వేరు. ఇది నిన్న సాయంత్రం మా తమ్ముడి కొడుకు నోట్‌బుక్కు తెచ్చి నా ఒళ్లో పెట్టడంతో మొదలైంది.

వాడికి పదేళ్లు. బళ్లో ‘నేను చేసిన ప్రయాణం’ అని వ్యాసం రాయమన్నారట. పిల్లలందరూ అనంతగిరి గుట్టల గురించి రాస్తే వీడు జర్మనీ అని రాశాడు. సారుకు అనుమానం వచ్చింది. ఇదంతా నిజమేనని ఇంట్లో పెద్దవాళ్లతో సంతకం చేయించుకొస్తే క్లాసులో నిలబడి చదవొచ్చన్నాడు. ఒక విషయం నిజమని చెప్పడానికి నా సంతకం అడగడం ఈ ఊళ్లో ఇదే మొదటిసారి. అద్దాలు పెట్టుకుని దర్జాగా చదవడం మొదలుపెట్టాను. రెండో పేజీలో ఈ వాక్యం వచ్చింది: ‘మా డాడీ రాళ్లు కొట్టుకుంటూ మాతో పాటు ఐదువందల మెట్లు ఎక్కిండు.’ అద్దాలు తీసి తుడుచుకున్నాను. అవి మురికిగా ఏమీ లేవు.

ఐదేళ్ల కిందటి వేసవి అది. తమ్ముడి భార్య, నా మరదలు, నర్సు. హైదరాబాదులో ఉండి జర్మన్ భాష నేర్చుకుని, జర్మనీలో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో చేరి అప్పటికి రెండేళ్లు. పిల్లలిద్దరూ, తమ్ముడూ తాండూరులో మా ఇంట్లోనే ఉండేవాళ్లు. సెలవులకు ముగ్గురినీ రమ్మని కబురు పెట్టింది. తమ్ముడు ఒంటరిగా పిల్లల్ని తీసుకుపోయే స్థితిలో లేడు. అందుకని నన్ను తోడు పంపారు, అంటే సామాన్లు మోయడానికి.

తమ్ముడి సంగతి చెప్పాలంటే ముందు బండల సంగతి చెప్పాలి. మా దగ్గర బండను కంటితో నమ్మం, చెవితో నమ్ముతాం. వేలి కణుపుతోనో, తాళంచెవితోనో కొట్టి చూస్తాం. ఠంగుమంటే మంచి బండ. బద్దుమంటే లోపల ఎక్కడో పగులుంది, పైకి ఎంత నునుపుగా ఉన్నా సరే. నా బండల పాలిష్ యూనిట్లో పద్నాలుగేళ్లు కటింగ్ మిషన్ నడిపింది తమ్ముడే. వాడి చెవిని మించిన చెవి తాండూరులో లేదు. కోసేటప్పుడు రంపం మీద నీళ్లు పడుతూ ఉండాలి, లేకపోతే దుమ్ము లేస్తుంది. ఎండాకాలం బోరు ఎండిపోయేది. “నీళ్లు లేవు అన్నా, రేపు కోద్దాం” అనేవాడు. “నాలుగు బండలే గదరా, కోసెయ్” అనేవాణ్ణి నేను. తెల్లటి దుమ్ములో నుంచి వాడు బయటికి వస్తే, పెళ్లికి పౌడరు కొట్టుకున్నవాడిలా ఉన్నావురా అని నవ్వించేవాణ్ణి. నవ్వుతూ దగ్గేవాడు. తరవాత నవ్వకుండా కూడా దగ్గాడు.

వికారాబాదు తీసుకుపోతే, డాక్టరు వాడి చొక్కా విప్పించి వీపు మీద ఒక అరచేయి పెట్టి, రెండో చేతి వేలితో కొట్టుకుంటూ వచ్చాడు. ఠంగు, ఠంగు, తరవాత బద్దు. తమ్ముడు తల తిప్పి నా వంక చూశాడు.

“మన లెక్కనే కొట్టి చూస్తుండు గదనే అన్నా.”

రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో గట్టిపడిందని, అది ఇక బయటికి రాదని డాక్టరు చెప్పాడు. ప్రయాణం చేయొచ్చు గానీ ఎత్తులు ఎక్కొద్దన్నాడు.

అక్కడి ఊళ్ల పేర్లు నా నోరు తిరగలేదు. పిల్లలే పేర్లు పెట్టారు: గోడ ఊరు, గడియారం ఊరు, గంట ఊరు. రైలు దిగడం, మరదలు కలిపి తెచ్చిన పులిహోర ఏ ఫౌంటెను గట్టు మీదో తినడం, మళ్లీ రైలెక్కడం. గోడ ఊరి చుట్టూ కోట గోడ ఉంది. అడ్డకర్రలు, ఏటవాలు కర్రలు బయటికి కనపడే పాత ఇళ్లు ఒకదాని మీదికొకటి వాలి ముచ్చట్లు చెప్పుకుంటున్నట్టుంటాయి. ఆ ఊరి రాజు ఎడ్లబండి కట్టుకుని మా తాండూరు క్వారీకి వచ్చి, బేరం కుదరక అలిగి, సగం గోడ ఇటుకతో కట్టించాడని పిల్లలకు చెప్పాను. ఆ రాజు కందిపప్పు తిన్నాడా అని పిల్లవాడు అడిగాడు. మూడు గిన్నెలు, అన్నాను. తమ్ముడు మాత్రం ఇళ్లు చూడలేదు. తల వంచుకుని నేలే చూశాడు, నాలుగడుగులకు ఒకసారి నిలబడి. అలా నిలబడితే ఊపిరి కోసం ఆగినట్టుండదు, రాయి చూస్తున్నట్టుంటుంది.

“మిషన్ పెట్టలే అన్నా. మనుషుల కాళ్లే పాలిష్ చేసినయ్,” అన్నాడొకసారి.

గడియారం ఊళ్లో పెద్ద చర్చి. లోపల చల్లగా, కొవ్వొత్తుల వాసన. తమ్ముడు మోకాళ్ల మీద కూచుని నేల బండను కణుపుతో కొట్టాడు. ఇంకోసారి కొట్టి చెవి ఆనించాడు.

“గిది డొల్ల ఉన్నది. కింద మట్టి సరిగ్గ నింపలే.”

“లెవ్వుండ్రి,” అంది మరదలు మెల్లగా. “గది సమాధి బండ. కింద మనిషున్నడు.”

తమ్ముడు చప్పున చేయి తీసేశాడు. ఏం పని చేసేటోడట అని అడిగాడు. మరదలు వంగి చూసింది. “అక్షరాలు అరిగిపోయినయ్. చదవరాదు.” అప్పుడు వాడికి దగ్గు వచ్చింది. ఆ ఎత్తు పైకప్పు కింద ఒక దగ్గు పది దగ్గులైంది. ఎవరో ముసలామె లేచి తన కుర్చీ ఇచ్చింది.

చివరిది గంట ఊరు. చర్చి పక్కనే రాతి గోపురం, లోపల సుళ్లు తిరుగుతూ మూడువందలకు పైగా మెట్లు, పైన గంట. పిల్లవాడు తండ్రి వేలు పట్టుకుని, నువ్వు రాకపోతే నేనూ పోను అని మొండికేశాడు. మరదలు సంచులకు కాపలాగా కింద బెంచీ మీద కూచుంది. మేం ఎక్కాం. పిల్లవాడు నా చంకలో, వాడి అక్క, ఎనిమిదేళ్ల బిడ్డ, నా చొక్కా కొస పట్టుకుని, తమ్ముడు మా వెనక ఒక్క మలుపు కింద. ఆ మెట్లలో ఒక్క మలుపు తేడా ఉంటే మనిషి కనపడడు. కానీ వాడు గోడ రాళ్లు కొట్టుకుంటూ ఎక్కుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది. ఠంగ్, ఠంగ్. “డాడీ వస్తుండు!” అని ప్రతి మలుపులోనూ పిల్లవాడు అరిచాడు. పైన గంట చుట్టూ గుండ్రంగా సన్నటి నడవ. తమ్ముడు అవతలి వైపు నిలబడి ఊరు చూస్తున్నాడు. మేం అటు తిరిగేసరికి వాడు ఇటు వచ్చేశాడు. పిల్లవాడు పకపకా నవ్వుతూ మూడు చుట్లు తిరిగాడు. దిగేటప్పుడు తమ్ముడే ముందు దిగిపోయాడు. మేం బయటికొచ్చేసరికి బెంచీ మీద భార్య పక్కన కూచుని, “నేనే ఫస్టు!” అన్నాడు.

ఆ వానాకాలమే పోయాడు. మరదలు వచ్చి పదిహేను రోజులుండి వెళ్లింది. పిల్లలను అక్కడికి తీసుకుపోయే కాగితాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. రోజూ సాయంత్రం ఫోన్ చేస్తుంది.

“పెద్దనాయినా, సంతకం పెట్టవా?” అన్నాడు పిల్లవాడు నిన్న. “డాడీ ఎక్కిండు గదా?”

“ఎక్కిండురా. నా మీద ఒట్టు.”

“నీ మీద ఒట్లు చెల్లయి. మస్తు వేసినవ్. నా తల మీద చెయ్యి పెట్టి చెప్పు.”

ఎద్దు మీద, బస్సు మీద, గడప మీద ఎన్ని ఒట్లయినా వేసే చేయి, ఆ చిన్న తల దాకా పోలేదు. మధ్యలో ఆగిపోయింది. పిల్లవాడి మొహంలో అనుమానం తోచింది. పక్కన కందిపప్పులో రాళ్లు ఏరుతున్న వాళ్లక్క, పదమూడేళ్లది, చేట పక్కన పెట్టి లేచింది. పిల్లవాడి తల మీద తన అరచేయి గట్టిగా పెట్టింది.

“ఎక్కిండు. నేను చూసిన. నీ మీద ఒట్టు. ఇగ పో, పెన్ను తే.”

వాడు ఎగురుకుంటూ పోయాడు. నేను సంతకం పెట్టాను. వాడు నోట్‌బుక్కు తీసుకుని లోపలికి పోయాక, బిడ్డ మళ్లీ చేట ముందు కూచుని, నా వైపు చూడకుండా అంది:

“పైకెల్లి బెంచి కనవడ్డది పెద్దనాయినా. డాడీ మమ్మీ భుజం మీద తలకాయ పెట్టుకున్నడు. నువ్వు చెయ్యి ఎనకకు పెట్టుకోని తాళంచెవితోని కొడుతుంటే కూడా చూసిన.”

కాబట్టి ఒప్పుకుంటున్నాను. ఇందులో నేను కల్పించింది ఆ గోపురం ఒక్కటే. తమ్ముడు ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు. ‘పిల్లగాని మనసు ఇరగ్గొట్టకు అన్నా, ఏదన్న చెప్పు, నీకు అలవాటే గదా’ అని బెంచీ మీద కూలబడ్డాడు. మలుపు మలుపుకూ రాయిని కొట్టింది నా యూనిట్ తాళంచెవి. నడవలో అవతలి వైపు ఎవరూ లేరు. తక్కినదంతా నిజం. అందులో ఒకే ఒక మాటను కల్పనలోకి నెట్టేద్దామని ఐదేళ్లుగా ప్రయత్నిస్తున్నాను, ‘నాలుగు బండలే గదరా’ అన్నదాన్ని. అది మాత్రం ఎన్నిసార్లు కొట్టి చూసినా ఠంగుమనే పలుకుతోంది. ఐదేళ్లు ముందుకు నడిచాననుకున్నాను. ఆ గంట చుట్టూ ఉన్న నడవలోనే తిరుగుతున్నాను, తమ్ముడు అవతలి వైపే ఉన్నాడని నాకు నేనే చెప్పుకుంటూ.