నీడ దక్షిణానికే పడింది

తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతె తను కళ్ళారా చూసిన సంగతి చెప్పింది. అది నిజమని తెలిసి కూడా, క్లాసు మొత్తం ముందు తప్పన్నాను. ఇంతే నేను చేసింది. వినడానికి ఎంత చిన్నదో కదా! ఇరవై ఏళ్ళకు పైగా మోస్తున్నాను. మా ఇంట్లో వాళ్ళకి తెలీదు. తోటి టీచర్లకి తెలీదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టి మీకు చెప్పడం కాస్త తేలికేమో.

గవర్నర్‌పేట వెనక సందులో ఒక ప్రైవేటు ప్రైమరీ స్కూల్లో అప్పుడు చేరాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. రెండో ఏడు వేసవి సెలవుల్లో, నాలుగో క్లాసు పిల్లలకి సైన్సూ సోషలూ కలిపి రివిజన్ చెప్పే పని నాకిచ్చారు. పొద్దున్నే మొదలుపెట్టి, ఎండ ముదరకముందే పిల్లల్ని ఇళ్ళకి పంపేసేవాళ్ళం. దిక్కులు, నీడలు రెండు సబ్జెక్టుల్లోనూ వస్తాయని ఓ ఇంటిపని ఇచ్చాను. ఆరుబయట ఒక కర్ర నిలబెట్టండి, మధ్యాహ్నం నీడ బాగా పొట్టిదైనప్పుడు అది ఏ దిక్కుకి పడిందో చూసి రండి అని.

మర్నాడు అడిగితే అందరిదీ ఒకటే మాట. ఉత్తరం. పుస్తకంలో అలాగే ఉంది. నేను చదువుకున్నదీ అదే. వాళ్ళలో ఎంతమంది నిజంగా ఎండలో నిలబడి చూశారో నేను అడగలేదు. శిరీష ఒక్కతే లేచి "దక్షిణం టీచర్" అంది.

వాళ్ళది బందరు అవతల సముద్రపు ఒడ్డు. నాన్న వేట మానేసి, బెజవాడ వచ్చి చేపల మార్కెట్లో పనికి కుదిరాడు. శిరీష పెద్దగా మాట్లాడే పిల్ల కాదు, కానీ ఏదైనా చెబితే చూసి చెప్పేది. ఆ వారమంతా కరస్పాండెంట్ గారు వెనక బెంచీలో కూర్చుని నా పాఠం వింటున్నారు. వచ్చే ఏడు నన్ను ఉంచాలో వద్దో తేల్చేది ఆయనే. "తప్పమ్మా, కూర్చో" అన్నాను. అక్కడిదాకా అయితే అది తెలియనితనం. దానికోసం ఇప్పుడు మీకిదంతా రాసేదాన్ని కాదు.

ఇంటికెళ్ళాక మనసు ఊరుకోలేదు. డాబా మీదికి ఇసక బకెట్టు మోసుకెళ్ళి, బూజుకర్ర అందులో నిలబెట్టాను. కాళ్ళు కాలుతున్నాయి. పన్నెండు దాటాక కర్ర మొదట్లో చిన్న నీడ మిగిలింది. కృష్ణా నది వైపుకి ఉంది. అంటే దక్షిణం. కొండ ఏ పక్కనుందో, మా వీధి ఎటు పోతోందో మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. శిరీష చెప్పిందే నిజం. కారణం తర్వాత తెలుసుకున్నాను. మే మొదటివారం దాటిన దగ్గర్నుంచి ఆగస్టు మొదలు దాకా మన వైపు మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి ఉంటాడు. నీడ దక్షిణానికి పడుతుంది. మిగతా నెలల్లో పుస్తకం మాటే సరి.

మర్నాడు క్లాసు మొదలవగానే శిరీష మళ్ళీ లేచింది.

"టీచర్, నిన్న మళ్ళీ చూశాను. అటే పడింది, కృష్ణ వైపు."

"అయితే పుస్తకం తప్పంటావా?"

"ఏమో టీచర్. నీడ మాత్రం అటే పడింది."

వెనక కరస్పాండెంట్ గారు తలెత్తి చూశారు. అప్పుడు నా నోట వచ్చిన మాట ఇది: "సముద్రం మీదికెళ్ళే ఇంటి పిల్లవి, దిక్కులు కూడా తెలీవటే నీకు?"

క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వారు. ఆ పిల్ల కూర్చుంది.

ఎందుకన్నాను? ఉద్యోగం పోతుందనా? "నిన్న నేనూ చూశాను, శిరీష చెప్పిందే కరెక్టు" అని ఉంటే ఆయన బహుశా మెచ్చుకునేవారేమో కూడా. భయం ఒక్కటే అయితే "తర్వాత చూద్దాంలే" అని తప్పించుకుని ఉండొచ్చు. వాళ్ళ ఇంటినీ, వాళ్ళ నాన్న పనినీ ఎందుకు లాగాను? ఆ పిల్ల నాకంటే ముందు చూసిందన్న కసి ఏదో ఉండి ఉంటుంది, చేపలవాళ్ళ పిల్ల అన్న చిన్నచూపూ ఉండి ఉంటుంది. ఇది ఒప్పుకోడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను.

దిక్కులు తెలీనిది అని మొదలుపెట్టి, పిల్లలు కొన్నాళ్ళకే దాన్ని "దిక్కులేనిది" చేసేశారు. నేను విన్నాను. వినపడనట్టు ఊరుకున్నాను. శిరీష తర్వాత ఎప్పుడూ చెయ్యెత్తలేదు. ఐదో క్లాసు అయ్యాక వెళ్ళిపోయింది. నా ఉద్యోగం నిలిచింది. ఆ ఇంటిపని మళ్ళీ ఏ వేసవిలోనూ ఇవ్వలేదు.

ఈ వేసవిలో శిరీష కూతురి చెయ్యి పట్టుకుని మా స్కూలుకొచ్చింది, రివిజన్లో చేర్చడానికి. ఒక మందుల షాపులో పనిచేస్తోందట. ఇల్లెక్కడమ్మా అంటే నవ్వేసింది. "నన్నడక్కండి టీచర్. ఆటో అతనికి దారి చెప్పాలన్నా మా ఆయన ఉండాల్సిందే. నాకు దిక్కులు రావుగా." పక్కనే ఉన్న కూతురూ నవ్వింది. ఇంట్లో రోజూ అనుకునే మాటలా ఉంది.

ఇంక ఆగలేకపోయాను. "ఆ నీడ సంగతిలో నువ్వే కరెక్టమ్మా. నేను పొరపాటు పడ్డాను" అన్నాను.

"పోనీలెండి టీచర్. అప్పుడు మీకూ తెలీదుగా."

చూశారా, ఎంత సులువుగా వదిలేసిందో! అక్కడితో ఊరుకుంటే అయిపోయేది. ఒక్క క్షణం ఊరుకున్నాను కూడా.

"తెలుసు శిరీషా. ముందురోజే డాబా మీద చూశాను. తెలిసే అన్నాను. సారీ అమ్మా."

ఆమె మొహంలో నవ్వు పోయింది. మెల్లగా అంది: "ఆ రోజు మా నాన్నని వీధిలోకి లాక్కెళ్ళి నీడ చూపించాను టీచర్. చూశాడు. చూసి, టీచరుగారు అబద్ధం ఎందుకు చెబుతారే, మనకే ఏదో తెలియట్లేదు అన్నాడు."

పిల్లని తీసుకుని వెళ్ళిపోయింది.

ఇంక పంపదనుకున్నాను. మర్నాడు పొద్దున్నే పిల్ల వచ్చి ముందు బెంచీలో కూర్చుంది. ఆ రోజు పాత ఇంటిపని మళ్ళీ ఇచ్చాను. పేరు మాత్రం దాచి, జరిగింది పిల్లలందరికీ చెప్పాను.

"ఆ అమ్మాయికి సారీ చెప్పారా టీచర్?" అని ఒకడు అడిగాడు. చెప్పానన్నాను. "ఏమంది?" అన్నాడు. "ఇంకా ఏమీ అనలేదురా" అన్నాను.

తర్వాతి రోజు జవాబులు రకరకాలుగా వచ్చాయి. కొందరు దక్షిణమన్నారు. ఒకమ్మాయి, మా ఇంటి దగ్గర మబ్బేసింది, నీడే లేదంది. ఇంకో పిల్ల ఉత్తరమని గట్టిగా వాదిస్తే, దిక్కులు ఎలా పెట్టుకుందో అడిగి, అందరం కలిసి బయటికెళ్ళి ఏ దిక్కు ఎటో చూసుకున్నాం. ఒకడు లేచి, "నేను చూడలేదు టీచర్, నిద్రపోయాను" అన్నాడు. ఇన్నేళ్ళ నా క్లాసులో ఆ మాట ధైర్యంగా అన్నవాడు వాడొక్కడే. వాణ్ణి చూస్తే ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను.

శిరీష రోజూ కూతుర్ని గేటు దగ్గర దింపి, నాతో మాట్లాడకుండా వెళ్ళిపోయేది. నిన్న మాత్రం ఆగింది. "మా నాన్నకి మీరే చెప్పండి టీచర్. నేను చెబితే ఇప్పటికీ నమ్మడు" అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

ఆదివారం వాళ్ళింటికి వెళ్తున్నాను. ఆ పెద్దాయన ఏమంటారో తెలీదు. ఏమీ అనకపోవచ్చు, గుమ్మంలోంచే పంపేయొచ్చు. చిన్నచూపుతోనే వాళ్ళ ఇంటిని లాగానని నోటితో ఒప్పుకోగలనా అని ఇన్నేళ్ళూ సందేహంగా ఉండేది. ఇవాళ మీకు మొత్తం చెప్పేశాను. ఆయనకీ చెప్పగలను.