మా అత్త బొమ్మకు మూడో బహుమతి

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ కొద్ది ఏండ్లలో అక్కడొక కళాసంఘం వెలిసింది. సీమ జిల్లాల్లో బొమ్మలు వేసేవాళ్ళు ఎవరైనా పంపవచ్చు, మద్రాసు నుంచి వచ్చే ముగ్గురు పెద్దలు చూసి మంచివి ఏరుతారు, ఏరినవాటిని ప్రదర్శనకు పెడతారు, మున్ముందు సీమకంటూ ఒక చిత్రశాల కూడా వస్తుంది అని పత్రికలో వేశారు. మా ఆయన ఆ ముక్క చదివి వినిపించి, "నువ్వు వేసిన మా అమ్మ బొమ్మ పంపగూడదా?" అన్నారు.

మేము అప్పుడు కడపకు దగ్గర్లో ఒక పల్లెలో ఉండేవాళ్ళం. ఆయన అక్కడి బడిలో పంతులు. నేను కడపలో చదువుకునేటప్పుడు డ్రాయింగు టీచరమ్మ దగ్గర నీళ్ళరంగులు వేయడం నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక రంగుల పెట్టె ట్రంకులోకి పోయింది. సేద్యం పనులు లేని రోజుల్లో బయటికి తీసేదాన్ని.

మా అత్త బొమ్మ అట్లాంటి రోజుల్లోనే వేశాను. విత్తనానికని చెనిక్కాయలు, అదే వేరుశనక్కాయలు, ఒలుస్తూ అరుగు మీద కూర్చుని ఉంది. నేను కాగితం పట్టుకోగానే, "ఉండుమే, పట్టుచీర కట్టుకోనొస్తా" అని లేచింది. వద్దన్నాను. స్టూడియోలో ఫోటో మాదిరి ఉంటుందని నా భయం. ఆమెకు కోపమొచ్చింది గానీ కూర్చుంది. కాసేపటికి ఆ కోపం మరచిపోయి, ఒలిచిన గింజలు గుప్పెడు తీసి, "తింటా గీయి" అని చెయ్యి చాపింది. ఆ చాచిన చెయ్యే నాకు నచ్చింది. అది కుదరడానికి ఎన్ని కాగితాలు చించానో.

బొమ్మ వెనక "మా అత్త" అని పేరు రాసి పంపాను. కొన్నాళ్ళకు కార్డు వచ్చింది. బొమ్మ ఎంపికైంది, మూడో బహుమతి కూడా వచ్చింది. అత్త ఊరంతా చెప్పుకొచ్చింది. "నా బొమ్మ రాజధానిలో పెట్టిండారంట. పోయి సూడకుంటే ఎట్లా?" అని చిత్రాన్నం కలిపి మూట కట్టింది. నేను వద్దన్న పట్టుచీర ఆ రోజు కట్టుకుంది.

ఎండాకాలం. బస్సు నంద్యాల దాటేసరికి ముగ్గురం దుమ్ము కొట్టుకుపోయాం. ఆ రాత్రికి మా ఆయన స్నేహితుడి గుడారంలో తలదాచుకున్నాం. ఆ స్నేహితుడు సెక్రటేరియట్లో గుమాస్తా. ఇండ్లు దొరకక ఉద్యోగులు సంసారాలతో గుడారాల్లో ఉన్న కాలం అది.

పొద్దున్నే ప్రదర్శనకు పోయాం. తుంగభద్ర గట్టుకు దగ్గర ఒక పాత బంగళాలో పెట్టారు. అత్త గడప దగ్గరే చెప్పులు విడిచి, గుళ్ళోకి పోయినట్టు పోయింది. మూడు గదులు తిరిగాం. మా బొమ్మ కనిపించలేదు. చివరికి లోపలి గదిలో, కిటికీపైన, దూలానికి ఆనుకున్నట్టు తగిలించి ఉంది. కిటికీలోంచి ఎండ కండ్లల్లో పడుతుంటే పైన ఏముందో సరిగా ఆనదు. చేతిలోని గింజలు అసలే కనిపించవు. కింద పెద్ద అక్షరాలతో రాసిన అట్టముక్క మాత్రం బాగా కనిపిస్తోంది. "భిక్షుకి. మూడవ బహుమతి."

నాకు ఒళ్ళు మండింది. మా ఆయన వైపు చూశాను. ఆయన అప్పటికే చదివి, వాళ్ళమ్మ వైపు చూసి, నాకు ఊరుకొమ్మని సైగ చేస్తున్నారు. అత్తకు చదువు రాదు. తల పైకెత్తి, చెయ్యి కండ్లకు అడ్డం పెట్టుకొని, "ముక్కు బాగా తెచ్చినావుమే" అంటోంది.

ఇంతలో ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి బొమ్మ చూసి, కింద మాట చదివి, "పాపం" అని ముందుకు పోయారు.

"ఆయమ్మ ఎందుకు పాపం అనె?" అని అత్త నన్నడిగింది.

మా ఆయన ఏదో చెప్పబోయారు. నేను ఆగలేదు. "కింద అడుక్కునేయమ్మ అని రాసినారత్తా. నేను రాయలేదు, వీళ్ళే రాసినారు" అన్నాను.

అత్త కండ్లకు అడ్డం పెట్టుకున్న చెయ్యి దించింది. అంతకు కొన్నేండ్ల ముందే పెద్ద కరువు. మా ఊళ్ళోనూ గంజి పోశారు. అత్త ఆ వరసలో నిలబడలేదు, మమ్మల్ని నిలబడనివ్వలేదు. చెవులకున్న కమ్మలు అమ్మి జొన్నలు కొనింది. అది తెలిసిన నాకు ఆమె ముఖం చూడాలంటే కష్టమైంది.

కార్యదర్శి ముందు గదిలో బల్ల దగ్గర ఉన్నాడు. కోస్తా మనిషి, మర్యాదస్తుడు. నేను పోయి పేరు తప్పు పడిందని చెప్పాను.

"తప్పు పడలేదమ్మా. 'మా అత్త' అంటే ఎవరికి అత్త? చూసేవాళ్ళకి అర్థం కావద్దూ? అందుకని కమిటీవారే మార్చారు."

"ఆమె మా ఇంటి పెద్ద. అడుక్కునే మనిషి కాదు."

"బొమ్మలో చెయ్యి చాచింది కదమ్మా."

"ఇస్తాండాది. చేతిలో చెనిక్కాయ గింజలుండాయి, చూడండి."

"అంత ఎత్తులో గింజలేం కనిపిస్తాయండీ?"

"ఎత్తులో పెట్టింది మీరే గదా."

ఆయన నొచ్చుకున్నట్టు ముఖం పెట్టి, "బహుమతి వచ్చిందే ఆ చేతికమ్మా. కరుణరసం అన్నారు జడ్జీలు. ఇప్పుడు పేరు మారిస్తే దేనికి ఇచ్చినట్టు? వారినే అడగాలి" అన్నాడు.

జడ్జీల్లో ఇద్దరు వెళ్ళిపోయారట. ఒకాయన ముసాఫరు బంగళాలో ఉన్నారని తెలిసి ఆ ఎండలో నడిచి పోయాం. అత్తను బెంచీ మీద కూర్చోబెట్టి పోయాం. ఆ పెద్దాయన వరండాలో విసనకర్రతో విసురుకుంటున్నారు. మమ్మల్ని కూర్చోమని మజ్జిగ ఇప్పించారు. నేను చెప్పిందంతా విని, నవ్వి, "బొమ్మ నీ చేయి దాటాక అందులో ఏముందో చెప్పేది నీవు కాదమ్మా, చూసేవాడు. మేం ముగ్గురం దైన్యం చూశాం. దాన్ని మెప్పుగా తీసుకో" అన్నారు.

"లేనిది చూస్తే మెప్పు ఎట్లవుతుందండీ?" అన్నాను.

"చిన్నదానివి. తర్వాత తెలుస్తుంది" అన్నారు.

బయటికి వచ్చాక మా ఆయన, "పోనీలే, బహుమతి ఇచ్చిండారు గదా. సాయంత్రం కప్పు ఇస్తారంట, తీసుకొని పోదాం" అన్నారు. మీ అమ్మను గదా అన్నది, మీకు బాధ లేదా అని అడిగాను. "నాకు లేదనుకున్న్యావా?" అన్నారు. అయినా ఆయన మీద కోపం పోలేదు. దారంతా ఆయనకంటే ముందు నడిచాను.

మేము తిరిగి వచ్చేసరికి అత్త కార్యదర్శి బల్ల ముందర నిలబడి ఉంది. "నాయనా, దాన్ని దింపి మాకియ్యి. కప్పూ వద్దు ఏమీ వద్దు. ఇంటికి తీసకపోతాం" అంటోంది. బతిమాలుతున్నట్టు లేదు, మామూలుగా అడుగుతోంది.

"అట్లా ఇవ్వడానికి లేదమ్మా. బహుమతి వచ్చినవి సంఘానివి. చిత్రశాలకు పోతాయి. పత్రికలో వేశాం కదా."

పత్రికలో ఆ మాట ఉందో లేదో మాకు గుర్తు లేదు. ఉన్నా అప్పుడు మాకది పట్టి ఉండదు. ఆయన చివరకు ఒక మెట్టు దిగి, "కావాలంటే 'ఒక వృద్ధురాలు' అని మారుస్తాను, నా బాధ్యత మీద" అన్నాడు.

"అంటే?" అని అత్త నన్నడిగింది.

"ఒక ముసలామె అని."

"ఎవరో ఒక ముసల్ది. అంతేనా?" అని, ఆమె గడప దగ్గరికి పోయి చెప్పులు తొడుక్కుంది.

సాయంత్రం దాకా ఉండలేదు. మధ్యాహ్నం బస్సుకే తిరిగొచ్చాం. దారిలో చిత్రాన్నం మూట విప్పితే, ఆ ఎండకు పాచిపోయి ఉంది. అత్త దాన్ని కిటికీలోంచి పారేసి, నంద్యాలలో అరటిపండ్లు కొనిపెట్టింది. నాతో బాగానే మాట్లాడింది. నేను ఊ కొడుతూ కూర్చున్నాను.

ఊళ్ళో అందరూ అడిగితే, "పెట్టిండారు, శానా పైన పెట్టిండారు" అని చెప్పేది. వాళ్ళు దాన్ని గొప్పగానే అనుకునేవాళ్ళు.

నేను కార్యదర్శికి రాస్తూ పోయాను. చిత్రశాల సంగతి ఆలోచనలో ఉందని ఒకసారి జవాబు వచ్చింది. తర్వాత అదీ లేదు. రాజధాని హైదరాబాదుకు పోయింది. మరుసటేడు ఏదో పెండ్లికి కర్నూలు పోయినప్పుడు ఆ బంగళా వెతుక్కుంటూ పోయాను. అందులో ఎరువుల గోడౌను పెట్టారు. కావలి మనిషి, "పటాలా? యాడుండాయమ్మా ఇంగ? సామాన్లన్నీ లారీల్లో ఎత్తకపోయిరి" అన్నాడు. ఏ ఊరికి అంటే తెలియదన్నాడు. సంఘం ఉన్నట్టు కూడా అతనికి తెలియదు.

అత్త పోయి ఇప్పటికి ఎన్నో ఏండ్లు. ఆమె ఫోటో ఒక్కటీ తీయించలేదు. నా కూతురు, అవ్వ ఎట్లుండేదమ్మా అని అడుగుతుంది. నోటితో చెబితే సరిపోదు, కాగితం తీస్తాను. నుదురు వస్తుంది, కండ్లు వస్తాయి. ముక్కు దగ్గర ఆగిపోతాను. ఎన్నిసార్లు వేసినా అది వేరే ఎవరి ముక్కో అవుతుంది.